గట్టు వార్డు

రంగాపురం మున్సిపాలిటీకి అన్నీ ఉన్నాయి. మురుక్కాలవలున్నాయి, వాటి మీద వంతెనలున్నాయి, ఆ వంతెనలకి కొబ్బరికాయ కొట్టిన పెద్దల పేర్లతో పాలరాతి పలకలున్నాయి. లేనిదల్లా కార్పొరేషన్ అనే హోదా ఒక్కటే. ఆ హోదా కావాలంటే ఇంతమంది జనం ఉండాలని పైవాళ్ళు ఒక లెక్క పెట్టారు. ఆ లెక్కకి రంగాపురం కాస్త తగ్గింది. తగ్గిన ఆ కాస్తా పొరుగున ఉన్న చవిటిపాలెం జనాభా అంతే ఉందని కమిషనర్ సదానందంగారు కనిపెట్టిన రోజున ఆఫీసులో అందరికీ జిలేబీలు పెట్టారు.

పట్నంలో జనాన్ని పెంచాలంటే ఏళ్ళు పడుతుంది, పైగా ఆ పని మున్సిపల్ సిబ్బంది చేతిలో లేదు. పక్క ఊరిని కలిపేసుకోవడమైతే ఒక్క సంతకంతో పోతుంది. అందుకని సదానందంగారు జీపెక్కి చవిటిపాలెం బయల్దేరారు.

చవిటిపాలెం కాలువకి చిట్టచివరి ఊరు. ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే పడతాయి. గ్రామీణ నీటి పథకం వాళ్ళు ఎక్కణ్ణుంచో మంచినీళ్ళు తెచ్చి పంచాయతీ ఆఫీసు ముందు ఓ కుళాయి పెట్టారు. ఆ చుట్టుపక్కల వాళ్ళకి సుఖంగానే ఉంది. ఊరి చివర పొలాల్ని ఆనుకుని ఉన్న కొసపేట ఆడవాళ్ళు మాత్రం చంకన ఓ బిందె, నెత్తిన ఓ బిందె పెట్టుకుని ఊరు ఈ కొస నుంచి ఆ కొసకి నడవాలి.

పంచాయతీ ప్రెసిడెంటు గంధం వరహాలమ్మది ఆ కొసపేటే. ఎన్నికలప్పుడు ఆవిడ ఇచ్చిన మాట ఒక్కటే: కొసపేటకి కుళాయి తెస్తాను. గెలిచిన మర్నాడు తన కుర్చీలో కూచోబోయిన మొగుడి చేతికి బిందె ఇచ్చి కుళాయి దగ్గరికి తోలిన మనిషి కాబట్టి ఆ మాట ఊరంతా నమ్మింది.

నమ్మనిది అత్తగారు ఆదెమ్మ ఒక్కతే. ఒంట్లో అన్నీ సడలిపోయినా ఆ ముసలమ్మ గొంతు మాత్రం నాలుగిళ్ళకి వినబడేది. పొద్దున్నే అరుగు మీద కూచుని మొదలుపెట్టేది. "ఏమే పెసిడెంటూ! నా గుమ్మంలో కుళాయి నీళ్ళు ఓ చెంబుడు తాగి పోదామని ఉందే. తాగనిచ్చి పంపుతావా, ఇలాగే పంపేత్తావా?"

వరహాలమ్మకి ఆ మాట లోపల ముల్లులా గుచ్చుకునేది. అత్త పుట్టినప్పటినుంచి మోసిన బిందెలు ఎన్నో ఆవిడకి తెలుసు. ఆ మెడ ఓ పక్కకి ఒరిగిపోయింది ఆ బిందెల వల్లే. పైపు వేయించే స్తోమత పంచాయతీకి లేదు, వరహాలమ్మ ఎక్కని ఆఫీసు గుమ్మం లేదు. అలాంటి సమయంలో కమిషనర్‌గారే తనంత తాను ఊళ్ళోకి వచ్చేసరికి ఆవిడకి దేవుడు జీపులో దిగినట్టనిపించింది.

గ్రామసభలో సదానందంగారు మైకు పట్టుకున్నారు. "పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా, భౌగోళిక సమగ్రత దృష్ట్యా, సమతుల పట్టణీకరణ దృష్ట్యా, మీ గ్రామాన్ని మా పురపాలక సంఘంలో విలీనం చేసుకొనుటకు మేము సూత్రప్రాయంగా సంసిద్ధులమై ఉన్నాము."

"మాకు సదువు తక్కువండి బాబూ," అంది వరహాలమ్మ. "కొసపేటకి కుళాయి వత్తాదా, రాదా? అది సెప్పండి."

"విలీనానంతరం సదరు సౌకర్యం సహజ పర్యవసానంగా మీకు సంక్రమిస్తుంది."

"అంటే వత్తాదనాండి?"

"వస్తుంది అనే అర్థానికి అది చాలా సమీపంలో ఉంటుంది."

సమీపంలోకి వచ్చింది కదా అని వరహాలమ్మ చెయ్యెత్తింది. ఆవిడ ఎత్తింది కాబట్టి ఊరంతా ఎత్తింది. కమిషనర్‌గారు అక్కడికక్కడే తన వాచీ చూసుకుని ఆ శుభముహూర్తాన్ని రాయించుకున్నారు.

ఇక్కడిదాకా బాగానే ఉంది. ఆఫీసుకి వెళ్ళి చట్టం తెరిచి చూస్తే, కలుపుకునే ఊరు పట్నాన్ని ఆనుకుని ఉండాలని అందులో ఉంది. రంగాపురానికీ చవిటిపాలేనికీ మధ్య నడుమలంక అనే ఇంకో పంచాయతీ ఉంది. ఆ ఊళ్ళో బావులన్నీ తియ్యటి నీళ్ళు. వాళ్ళకి పట్నంతో పనిలేదు. మేం రామని ముక్తసరిగా చెప్పేశారు.

రోడ్డునైనా కలుపుకుందామంటే అది రోడ్ల శాఖవారిది. కాలువని కలుపుకుందామంటే అది కాలవల శాఖవారిది. పట్నం సర్వేయరు ముక్తేశ్వర్రావు కొలత గొలుసు భుజాన వేసుకుని నడుమలంక పొలాలన్నీ తిరిగి, చివరికి ఓ గట్టు దగ్గర ఆగాడు. పట్నం చివరి వీధి వెనక మొదలై, చేల మధ్యనుంచి వంకర్లు పోతూ, కొసపేటలో వరహాలమ్మ ఇంటి ముందు తేలుతుంది ఆ గట్టు. ఓ మనిషి నడిస్తే ఇంకో మనిషి ఆగాలి, అంత వెడల్పు. ఏ కాలంలోనో దాన్ని సర్కారు పోరంబోకుగా రాసి మర్చిపోయారు. అది ఎవరిదీ కాదు.

"ఎవరిదీ కానిది మనదే," అన్నారు సదానందంగారు. వారం తిరక్కుండా ఆ గట్టుని పట్నంలో కలుపుతూ ఉత్తర్వు వచ్చింది. పట్నం గట్టుని ఆనుకుని ఉంది, గట్టు చవిటిపాలేన్ని ఆనుకుని ఉంది, కాబట్టి పట్నం చవిటిపాలేన్ని ఆనుకుని ఉంది. దానికి గట్టు వార్డు అని పేరు పెట్టారు.

పట్నంలో ఒక వార్డుకున్న సదుపాయాలు ఇంకో వార్డుకి లేకపోతే వివక్ష అవుతుంది. అందుచేత గట్టు మొదట్లో "గట్టు వార్డు మీకు స్వాగతం పలుకుచున్నది" అని బోర్డు పాతారు. తడి చెత్తకో డబ్బా, పొడి చెత్తకో డబ్బా పెట్టారు. ఇద్దరు ఎదురుపడితే తప్పుకునే వీల్లేదని పొద్దున్న పూట అటే, సాయంత్రం పూట ఇటే నడవాలని వన్‌వే పెట్టారు. తర్వాత దీపస్తంభాలు వేశారు. స్తంభం అడుగున పోసిన సిమెంటు దిమ్మ గట్టుకన్నా వెడల్పు. స్తంభం అడ్డొచ్చినప్పుడల్లా జనం చేలోకి దిగి, అంటే నడుమలంక పంచాయతీలోకి వెళ్ళి, బురద కాళ్ళతో మళ్ళీ పట్నంలోకి ఎక్కేవాళ్ళు. వార్డులో ఇల్లంటూ లేదు, ఓటరంటూ లేడు. సదానందంగారు తన నివేదికలో, ఫిర్యాదులు ఒక్కటీ రాని వార్డు రాష్ట్రం మొత్తం మీద ఇదొక్కటేనని రాసి కింద గీత గీయించారు.

చవిటిపాలెం పట్నమైన మర్నాడు గ్రామీణ నీటి పథకం అసిస్టెంట్ ఇంజనీరు తాతాజీ వచ్చాడు. చేతిలో వాల్వు తిప్పే పొడుగాటి ఇనప తాళం ఉంది. మెత్తటి మనిషి. వరహాలమ్మ మొహం చూడలేక నేల చూపులు చూస్తూ పంచాయతీ ఆఫీసు ముందున్న కుళాయి వాల్వు కట్టేశాడు.

"ఇదేం పనండి? నిన్నటిదాకా మీరే కదండీ నీళ్ళిచ్చింది!"

"నిన్న మీరు పల్లెటూరోళ్ళండి, ప్రెసిడెంటుగారూ. ఇవాళ పట్నం వాళ్ళైపోయారు. గ్రామీణ నీళ్ళు పట్నం వాళ్ళ గొంతులో పోస్తే రేపు ఆడిట్‌లో నా మెడకి చుట్టుకుంటుందండి."

"నీళ్ళు ఆపేశారు, మరి మేం తాగేదేంటండి?"

"పట్నం వాళ్ళు ఏం తాగుతారో నాకు తెలీదండి. నేను గ్రామీణం," అన్నాడు తాతాజీ. కుళాయిలో మిగిలిన నీళ్ళు దోసిట పట్టి తను కాసిన్ని తాగి, కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

కొసపేటకి కుళాయి తెస్తానన్న మనిషి హయాంలో ఊరికున్న ఒక్క కుళాయీ పోయింది. ఇక మిగిలింది పంచాయతీ ఆఫీసు పక్కనున్న ఊరచెరువు. కాలువ నీళ్ళొచ్చినప్పుడు నింపుకుంటారు. పచ్చగా ఉండే ఆ నీళ్ళే వడకట్టి, కాచి, చల్లార్చి తాగడం మొదలుపెట్టారు. వరహాలమ్మకి జనం మధ్యకి వెళ్ళాలంటే తల కొట్టేసినట్టుండేది.

ఆవిడ మున్సిపల్ ఆఫీసుకి పరుగెత్తింది. అక్కడ ఇంకో సంస్కరణ జరిగి ఉంది. చవిటిపాలెంలో నీళ్ళకో కమిటీ, శ్మశానానికో కమిటీ, పశువుల బందెలదొడ్డికో కమిటీ, సంతకో కమిటీ ఉండేవి. ఇన్ని కమిటీలేమిటి, వృథా అని అన్నిట్నీ ఒక్క మూటగా కట్టి "సమీకృత ప్రత్యేక సేవల మండలి" అని పేరు పెట్టారు. అన్నిటికీ ఒకటే కిటికీ, ఒకటే దరఖాస్తు. ఇల్లు అత్తగారి పేరున ఉంది కాబట్టి వరహాలమ్మ ఆదెమ్మ పేరు మీదే కుళాయికి దరఖాస్తు పెట్టి వచ్చింది.

కొన్నాళ్ళకి ఆదెమ్మ పేర అచ్చు కార్డొకటి వచ్చింది. వరహాలమ్మ అరుగు మీద నిలబడి ఆత్రంగా చదివింది. "శ్రీమతి గంధం ఆదెమ్మగారికి సమీకృత సేవల కింద నూతన దహనవాటికలో ఒక వేదిక కేటాయించడమైనది. సత్వరం వినియోగించుకొనగలరు."

ఆదెమ్మ ఆ కార్డు అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "నీళ్ళడిగితే నిప్పిచ్చారన్న మాట. పోనీలే, ఏదో ఒకటి ఇచ్చారు."

వరహాలమ్మకి ఒళ్ళు మండిపోయింది. ఆ కార్డు పట్టుకుని గట్టు మీద, వన్‌వేకి ఎదురుగా, విసవిసా నడిచి కమిషనర్‌గారి గదిలోకి వెళ్ళి బల్ల మీద పడేసింది.

సదానందంగారు కార్డు చదివి సంతృప్తిగా తలూపారు. "సేవలు సన్నద్ధతా క్రమంలో అందుతాయి. దహనవాటిక సన్నద్ధంగా ఉంది, అది మొదటి దశ. మంచినీరు రెండవ దశ. లబ్ధిదారు మొదటి దశను వినియోగించుకున్న పిమ్మట రెండవ దశకు అర్హులవుతారు."

"అంటే మా అత్త పోతే గాని కుళాయి రాదంటారా?"

"నేను ఆ మాట అనలేదమ్మా. ప్రక్రియ అంటోంది. ప్రక్రియకి వ్యక్తుల పట్ల ద్వేషం ఉండదు."

వరహాలమ్మ ఆ రోజు తిరిగొస్తూ దారిపొడుగునా ఏడ్చింది. చెయ్యెత్తింది తను. తనని చూసి ఊరు ఎత్తింది. పట్నాన్ని వదిలించుకునే దారి మాత్రం ఏ చట్టంలోనూ ఉన్నట్టు ఎవరూ చెప్పలేదు.

ఇంతలో వానలు పడ్డాయి, ఊడ్పులు దగ్గరకొచ్చాయి. అంటే గట్లు చెక్కే రోజులొచ్చాయి.

పొలం లేనివాళ్ళకి ఈ గట్లు చెక్కడం సంగతి కాస్త చెప్పాలి. ఊడ్పుల ముందు ప్రతి రైతూ పార పట్టుకుని గట్టు మీద తన వైపు పెరిగిన గడ్డి చెక్కుతాడు. గడ్డితో పాటు పిడికెడు మట్టి కూడా వస్తుంది. వచ్చిన మట్టి చేలో పడుతుంది, చేను వెంట్రుకవాసి పెరుగుతుంది. అవతలి వైపు రైతు కూడా అదే పని చేస్తాడు. దీన్ని ఎవరూ కాజేయడం అనరు. గడ్డి చెక్కడం అంటారు. తాతల నాటి నుంచి గట్లు ఇలా రెండు వైపులా సన్నబడుతూనే ఉన్నాయి.

చవిటిపాలెం రైతులు సుబ్బరాయుడికీ ఏడుకొండలికీ నడుమలంకలో పక్కపక్కనే చేలున్నాయి. ఇద్దరూ బావాబావమరుదులు. ఒకరి చుట్ట ఒకరు ముట్టించుకుంటారు, ఒకరి కూర ఒకరు తింటారు. గట్టు విషయంలో మాత్రం ఎవరి పార వాళ్ళది, ఆ ఊసు ఒకరి దగ్గర ఒకరు ఎత్తరు. వాళ్ళిద్దరి మధ్యనున్న గట్టు ఇప్పుడు పట్నమైందన్న సంగతి వాళ్ళు పట్టించుకోలేదు. దీపాలకి పురుగులు ముసురుతున్నాయని మాత్రం విసుక్కున్నారు.

"ఈ ఏడు గడ్డి బాగా పెరిగింది బావా," అన్నాడు సుబ్బరాయుడు.

"పెరిగింది బావా. సెక్కెయ్యాలి," అన్నాడు ఏడుకొండలు.

ఇద్దరూ ఒకే పొద్దున దిగారు. అసలే సన్నపాటి గట్టు. అన్నాల వేళకి ఆ మేరకి గట్టంటూ లేదు. చేలు రెండూ కలిసిపోయాయి, దీపస్తంభం బురదలో పడుకుంది. బావాబావమరుదులు గట్టు ఉన్న చోట కూచుని క్యారియరు విప్పి భోంచేశారు.

సదానందంగారు వచ్చి పట్నం తెగిపోయిన చోట నిలబడ్డారు. కార్పొరేషన్ హోదా ఇచ్చే తనిఖీ బృందం త్వరలోనే రానుంది. ఊరికీ పట్నానికీ మధ్య నడుమలంక నీళ్ళు తళతళా మెరుస్తున్నాయి.

"పురపాలక సంఘాన్ని ఎవరు తెంచారు?" అని గర్జించారు.

"నాకు తెలీదండి. నేను నా వైపే సెక్కానండి," అన్నాడు సుబ్బరాయుడు.

"ఆయ్, నేనూ అంతేనండి. నా వైపే సెక్కానండి," అన్నాడు ఏడుకొండలు.

ఇద్దరూ నిజమే చెప్పారు. చెరో వైపు నుంచి ఎవరి చేలో వాళ్ళు నిలబడి పట్నాన్ని చెక్కితే ఏ సెక్షను కింద పెట్టాలో చట్టంలో లేదు. సదానందంగారు ఆఫీసుకెళ్ళి తలుపులేసుకుని ఆలోచించారు. మున్సిపల్ పైపు ఎంత మేర వేస్తే అంత మేరా మున్సిపాలిటీ ఉన్నట్టే భావించాలని ఓ పాత సర్క్యులర్ ఆయనకి గుర్తొచ్చింది.

రోజుల్లో పని అయిపోయింది. మట్టి తోలి గట్టు మళ్ళీ పోశారు. "ఈ గట్టును తాకరాదు" అని బోర్డులు పెట్టారు. గట్టు పొడుగునా ముక్కలు ముక్కలుగా పైపు పరిచి, కొసపేటలో ఆదెమ్మ అరుగు ముందు దాన్ని పైకి లేపి, కొత్త కుళాయి బిగించారు.

వరహాలమ్మ ఆ కుళాయి చూసి కొంగుతో మొహం దాచుకుని ఏడ్చింది. ఈసారి సంతోషంతో. కుళాయికి పసుపు రాసింది, బొట్టు పెట్టింది. కమిషనర్‌గారిని ఇన్నాళ్ళూ తిట్టుకున్నందుకు మనసులోనే లెంపలేసుకుంది. కొసపేట ఆడవాళ్ళు బిందెలు చింతపండుతో తోమి వరసగా పెట్టారు. ఆదెమ్మ తన కంచు చెంబు తీయించింది.

ప్రారంభోత్సవం రెండు కొసల్లోనూ ఒకేసారి. పట్నంలో మున్సిపల్ ఆఫీసు ఆవరణలో ఛైర్మన్‌గారు, కమిషనర్‌గారు, బ్యాండు మేళం. అక్కడ పైపు మూతి ఓ పల్లపు గుంటలో నోరు తెరుచుకుని ఉంటే, దాని పక్కనే మైకు తాలూకు స్పీకరు పెట్టె పెట్టారు. ఇక్కడ కొసపేటలో సర్వేయరు ముక్తేశ్వర్రావు, ఓ పూలదండ. అతను రిబ్బను కత్తిరించగానే వరహాలమ్మ కుళాయి తిప్పింది.

ముందు గాలి వచ్చింది. తర్వాత దూరంగా గొంతు వచ్చింది. "...నీరే ప్రాణాధారం! ప్రతి గొంతుకూ నీరు అనునది మా ప్రథమ కర్తవ్యం..."

"ఏం వత్తందే?" అంది ఆదెమ్మ చెంబు పట్టుకుని.

"ఛైర్మన్‌గారి ఉపన్యాసం అత్తా."

"పట్టవే, పట్టు. అదైనా నింపుకుందాం."

కుళాయి నుంచి ఉపన్యాసం ధారగా వస్తూనే ఉంది. వరహాలమ్మ సర్వేయరు వైపు తిరిగింది. "నీళ్ళేవండి?"

ముక్తేశ్వర్రావు ఆశ్చర్యపోయాడు. "నీళ్ళేంటమ్మా? ఇది సరిహద్దు. అంచనాల్లో పైపు ఉంది, కుళాయి ఉంది, పూలదండ ఉంది. నీళ్ళు లేవు. నీళ్ళు రెండవ దశ కదా."

అప్పుడు వరహాలమ్మకి ఆగలేదు. పైపు బిగించిన మేస్త్రీ చేతిలోంచి పానా లాక్కుని కుళాయి ఊడదీసింది. చెరువు నుంచి పొద్దున్నే తను మోసుకొచ్చిన నిండు బిందె ఎత్తి, "తాగండి! మీరే తాగండి!" అంటూ పైపు నోట్లో పోసేసింది. కొసపేట ఆడవాళ్ళకి కూడా కోపం వచ్చింది. వరసగా ఇళ్ళలో ఉన్న బిందెలన్నీ తెచ్చి పోశారు. పైపు ఎత్తుపల్లాలు చూసుకుని వేసింది కాదు కదా. వాటం పట్నం వైపే ఉంది.

కాసేపటికి పైపులో ఉపన్యాసం ఆగింది. గరగరమంది. తర్వాత ఎవరో అరిచారు. "నీళ్ళు! నీళ్ళొచ్చాయి!" చప్పట్లు, బ్యాండు మేళం, జేజేలు.

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. చవిటిపాలెం వైపు నుంచి నీరు ఉద్ధృతంగా ప్రవహించిందనీ, అందుకు ఛైర్మన్‌గారి తడిసిన పంచె సాక్ష్యమనీ, కావున చవిటిపాలేన్ని మిగులు జల ప్రాంతంగా గుర్తించడమైనదనీ అందులో ఉంది. పట్నానికి నీటి ఎద్దడి ఉందట. కొసపేటలో ఆగిన పైపుని ఊళ్ళోంచి పంచాయతీ ఆఫీసు దాకా, అక్కణ్ణుంచి చెరువులోకి పొడిగించారు. మోటారు బిగించారు. చెరువు చుట్టూ తాడు కట్టి, స్థానికులు అనుమతి లేకుండా బిందె ముంచరాదని బోర్డు పెట్టారు. చవిటిపాలెం చెరువు నీళ్ళు హోరుమంటూ కొసపేట మీదుగా, ఆదెమ్మ అరుగు ముందునుంచి పట్నానికి పోయాయి.

"ఉన్న బిందె పోసి, ఉన్న చెరువు పోగొట్టావే," అంది ఆదెమ్మ. తిట్టలేదు. మామూలుగానే అంది. అది వరహాలమ్మకి తిట్టుకన్నా ఎక్కువగా తగిలింది.

ఆవిడ ఇంట్లో ఉండలేక పొలాల వైపు నడిచింది. సుబ్బరాయుడు తన చేలో ఓ మూల, ఏడుకొండలు తన చేలో ఓ మూల కూచుని ఉన్నారు. తాకరాదు అన్న బోర్డు పెట్టినప్పటినుంచి ఇద్దరికీ పొద్దుపోవడం లేదు. మాటలు కూడా తగ్గాయి. పార పట్టుకోని రైతుకి బావమరిదితో చెప్పుకోవడానికి మాత్రం ఏముంటుంది?

వరహాలమ్మ గట్టు మీద నిలబడింది. కాళ్ళ కింద పైపులో తమ చెరువు పోతున్న చప్పుడు వినబడుతోంది. ఆ చప్పుడు వింటూ ఆవిడ గట్టుని ఓసారి ఇటునుంచి చూసింది, అటునుంచి చూసింది.

"సుబ్బరాయుడన్నయ్యా, నీ వైపు గడ్డి బాగా పెరిగిపోయిందయ్యా," అంది.

సుబ్బరాయుడు లేచి నిలబడ్డాడు. "అవునమ్మా, పెరిగింది."

ఆవిడ అటు తిరిగింది. "ఏడుకొండలన్నయ్యా, నీ వైపు కూడా పెరిగింది. పాములొత్తాయి, చూసుకోండి."

అక్కణ్ణుంచి నేరుగా ఇంటికి వచ్చేసింది.

పొద్దున్నే బావాబావమరుదులు పారలు నూరుకుని దిగారు. గట్టు మీద వాళ్ళు చెయ్యి వెయ్యలేదు. ఎవరి చేలో వాళ్ళు నిలబడి, ఎవరి వైపు గడ్డి వాళ్ళు చెక్కుకున్నారు. ఆ మధ్యాహ్నం ఓ పెద్ద వాన కురిసింది. కొత్త మట్టి కరిగి జారిపోయింది, కింద ఆసరా లేక పైపు నడుం వంగింది, అతుకు ఊడింది. చెరువు నీళ్ళన్నీ సుబ్బరాయుడి చేలోకి సగం, ఏడుకొండలి చేలోకి సగం పడ్డాయి. ఊడ్పులకి అదునైన నీరు. ఇద్దరూ చుట్టలు ముట్టించుకుని చాలా రోజుల తర్వాత కబుర్లు చెప్పుకున్నారు.

సరిగ్గా ఆ సమయానికి తనిఖీ బృందం, వెనకాల గొడుగుతో సదానందంగారు, గట్టు మీద నడుస్తూ వచ్చారు. ముందు నడుస్తున్న పెద్ద అధికారి మోకాలి లోతు నడుమలంకలోకి దిగిపోయారు. బయటికి లాగాక ఆయన రెండు వైపులా చూసి, "మీ కార్పొరేషన్ ఎక్కడుందయ్యా?" అని అడిగారు. "ఎవరు తెంచారు?" అని సదానందంగారు మళ్ళీ అరిచారు. "మా వైపు మేం సెక్కామండి," అని ఇద్దరూ మళ్ళీ నిజమే చెప్పారు. ఆనుకుని లేని ఊరిని కలుపుకోవడం చెల్లదని రాసేసి బృందం వెళ్ళిపోయింది. విలీనం రద్దయింది. చవిటిపాలెం మళ్ళీ పల్లెటూరైపోయింది.

ఆ కబురు తెలియగానే తాతాజీ ఇనప తాళంతో పరుగెత్తుకొచ్చాడు. "ప్రెసిడెంటుగారూ, మీరు మళ్ళీ గ్రామమైపోయారండి! గ్రామానికి నీళ్ళు ఆపితే నా ఉద్యోగం పోద్దండి, తొందరగా బిందెలు పెట్టండి," అంటూ వాల్వు తిప్పాడు.

వరహాలమ్మ బిందె పెట్టలేదు. చెరువు దగ్గర్నుంచి పంచాయతీ ఆఫీసు మీదుగా కొసపేట దాకా, పట్నం వాళ్ళు వేసి మర్చిపోయిన పైపు వైపు చూస్తోంది. పట్నం వాళ్ళు నీళ్ళు లేని పైపు వేశారు. పథకం వాళ్ళ దగ్గర పైపు లేని నీళ్ళున్నాయి. రెంటికీ మధ్య మూరెడు దూరం ఉంది.

"తాతాజీగారూ, ఆ పైపు పంచాయతీ నేల మీద ఉందికదండీ. ఎవరిదవుద్దండి?"

తాతాజీ ఆలోచించాడు. జీవితంలో మొదటిసారి ఆడిట్ సంగతి మర్చిపోయాడు. "మీదేనండి," అన్నాడు.

మేస్త్రీ వచ్చి మూరెడు ముక్క అతికాడు. చెరువు వైపూ, గట్టు వైపూ పైపు కొసలకి చెక్క బిరడాలు కొట్టారు. ఆదెమ్మ అరుగు ముందు పాత చోటే కుళాయి బిగించి తిప్పితే, ముందు గాలి వచ్చింది. కొసపేట ఆడవాళ్ళు ఉపన్యాసం కోసం చెవులొగ్గారు. నీళ్ళొచ్చాయి.

ఆదెమ్మ తన గుమ్మంలో నిలబడి, కంచు చెంబు నిండా పట్టుకుని, ఒరిగిన మెడ ఇంకాస్త ఒరగేసి గటగటా తాగింది. కోడలి వైపు చూసింది. చెంబు మళ్ళీ కుళాయి కింద పెట్టింది. వరహాలమ్మకి ఆ మాత్రం చాలు.

అంతలోనే పోస్టులో ఓ నోటీసు వచ్చింది. విలీనం రద్దయిన సంగతి సమీకృత ప్రత్యేక సేవల మండలికి ఇంకా చేరలేదు. ఆదెమ్మగారికి కేటాయించిన వేదిక నెలల తరబడి ఖాళీగా ఉన్నదనీ, ఇంతవరకు ఎందుకు వినియోగించుకోలేదో వెంటనే సంజాయిషీ ఇవ్వాలనీ అందులో ఉంది. వరహాలమ్మ అది పైకి చదివి, మళ్ళీ మొదటినుంచి చదవబోయింది.

"సదివింది సాలు, జవాబు రాయవే," అంది ఆదెమ్మ మూతి తుడుచుకుంటూ. "నీళ్ళు తాగుతున్నాను, ఇప్పుడు ఖాళీ లేదని రాయి."

వరహాలమ్మ అలాగే రాసి, కింద అత్త చేత వేలిముద్ర వేయించి, పక్కన పంచాయతీ ముద్ర వేసి పంపించింది.